బహిర్గత యుగ్మవికల్పం అంటే బలమైనదని విద్యార్థులు అనుకుంటున్నారు: ఎలా సరిదిద్దాలి?

ప్రశ్న (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు):

నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు జన్యుశాస్త్రం బోధిస్తున్నాను. పన్నెట్ చతురస్రం (సంతానంలో జన్యువుల కలయికలను చూపే పట్టిక) గీసి లక్షణాల 3:1, 9:3:3:1 నిష్పత్తులను వారు తప్పు లేకుండా రాబట్టగలరు. అయితే ఈ మధ్య తరగతిలో, చేతికి ఆరో వేలు ఉండటం అనేక కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే (జన్యువు ఒక్క ప్రతి ఉన్నా బయటపడేదిగా) సంక్రమిస్తున్నప్పుడు మనలో దాదాపు అందరికీ అయిదు వేళ్లే ఎందుకున్నాయని అడిగాను. అరుదుగా కనిపిస్తుంది కాబట్టి అది అంతర్గత లక్షణమే (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) అయి ఉంటుందని కొందరు, బహిర్గత జన్యువు బలమైనది కాబట్టి కొన్ని తరాల్లో అందరికీ ఆరు వేళ్లు వస్తాయని మరికొందరు చెప్పారు. వీరంతా పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునేవారే కావడం నన్ను ఎక్కువగా బాధించింది. ఈ అపోహ ఎక్కడ పుడుతోంది? దీన్ని ఎలా సరిచేయాలి?

మొదటి సమాధానం (పరిశోధక విద్యార్థి):

మేడమ్, మీ విద్యార్థుల సందేహానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పొట్టి వేళ్ల లక్షణం బహిర్గతమైతే జనాభాలో అది 3:1 నిష్పత్తికి చేరాలి కదా అనే వాదన 1908లో ఇంగ్లండులో తలెత్తింది. జన్యుశాస్త్రవేత్త పన్నెట్ ఆ చిక్కును తన మిత్రుడైన గణితవేత్త హార్డీ ముందుంచారు. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే ఆయన. వరణం (ప్రకృతి ఎంపిక), ఉత్పరివర్తన (జన్యువులో మార్పు), వలస వంటివి లేని పెద్ద జనాభాలో యాదృచ్ఛికంగా సంపర్కం జరుగుతుంటే యుగ్మవికల్పాల (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల) పౌనఃపున్యం, అంటే జనాభాలో వాటి వాటా, తరతరానికీ మారదని, బహిర్గతత్వం దాన్ని పెంచదని ఆయన కొద్దిపాటి బీజగణితంతో చూపించారు. జర్మనీలో వైన్‌బర్గ్ అదే ఏడాది స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని రాబట్టారు. పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, ‘O’ రక్తవర్గాన్ని తీసుకోండి. అది అంతర్గత లక్షణం, అయినా తరగతిలో ఎంతమందికి ఉందో వారినే లెక్కపెట్టమనండి.

రెండో సమాధానం (పదవీ విరమణ చేసిన ఆచార్యుడు):

పై సమాధానం సరైనదే కానీ, అది లెక్కను మాత్రమే సరిదిద్దుతుంది. ఒక యుగ్మవికల్పం పక్కదాన్ని అణచివేస్తుందనే బొమ్మ పిల్లల మనసులో ఉన్నంతకాలం అపోహ మరో రూపంలో తిరిగి వస్తూనే ఉంటుంది. నేను మెండెల్ వాడిన బఠానీ గింజతోనే మొదలుపెట్టేవాణ్ని. ముడతల గింజలో పిండిపదార్థపు గొలుసులకు శాఖలు ఏర్పరిచే ఒక ఎంజైమును తయారుచేసే జన్యువులోకి దాదాపు 800 క్షారాల జతల డీఎన్ఏ ముక్క వచ్చి చేరింది. దాంతో ఆ ఎంజైము పనిచేయదు, చక్కెర మిగిలిపోతుంది, ఆ చక్కెర వల్ల గింజ ఎక్కువ నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండేటప్పుడు ముడతలు పడుతుంది. విషమయుగ్మజంలో (రెండు వేర్వేరు యుగ్మవికల్పాలున్న గింజలో) మంచి ప్రతి ఒక్కటే ఉన్నా గింజ గుండ్రంగా ఉండటానికి సరిపడా ఎంజైము తయారవుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ అణచలేదు. ఒక ప్రతి పనిచేయడం లేదు, రెండోది చాలినంత పని చేస్తోంది, అంతే.

అదే విషమయుగ్మజ గింజలోని పిండి రేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి రెండు జనకాలకూ మధ్యస్థంగా ఉంటాయి. అంటే గింజ ఆకారం దగ్గర సంపూర్ణంగా కనిపించిన బహిర్గతత్వం, రేణువు దగ్గర అసంపూర్ణంగా కనిపిస్తుంది. బహిర్గతత్వం జన్యువులో దాగిన గుణం కాదని, మనం ఏ స్థాయిలో చూస్తున్నామో దాన్నిబట్టి రెండు యుగ్మవికల్పాల సంబంధానికి ఇచ్చే వర్ణన అని పిల్లలు తమ కళ్లతో చూసి గ్రహిస్తారు. ఒక్క ప్రయోగ తరగతిని దీనికి తప్పక కేటాయించండి.

ప్రశ్నించినవారి స్పందన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దీనికి తోడు మరో చిక్కు ఉంది. తల్లిదండ్రులిద్దరూ థలసీమియా అనే అంతర్గత రక్తవ్యాధికి వాహకులైతే (లోపమున్న ప్రతి ఒక్కటే ఉన్నవారైతే), నలుగురు సంతానంలో కచ్చితంగా ఒకరికే వ్యాధి వస్తుందని పిల్లలు రాస్తున్నారు.

మూడో సమాధానం (జన్యుసలహా విభాగంలో పనిచేస్తున్న వ్యక్తి):

మేనరికాలు చేసుకున్న దంపతులతో మాట్లాడేటప్పుడు నాకు ఈ అపోహ తరచూ ఎదురవుతుంది. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదని నమ్మేవారు ఉన్నారు, దాని పర్యవసానం ఎంత బరువైనదో మీరు ఊహించగలరు. ప్రతి గర్భంలోనూ అవకాశం నాలుగింట ఒకటే. నలుగురు పిల్లల్లో సరిగ్గా ఒకరికే వ్యాధి వచ్చే సంభావ్యత 64లో 27, ఎవరికీ రాకపోయే సంభావ్యత 256లో 81. విద్యార్థులకు మెండెల్ సొంత లెక్కలే చూపించండి. మొత్తం 7,324 గింజల్లో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. కానీ విడివిడి మొక్కల్లో ఒకదానికి 43 గుండ్రనివి, 2 ముడతలవి రాగా, మరొకదానికి 14, 15 వచ్చాయని ఆయనే నమోదు చేశారు. ముందుగా ఈ రెండు మొక్కల అంకెలను మాత్రమే ఇచ్చి నిష్పత్తి ఎంతో చెప్పమనండి, మొత్తం లెక్కను ఆ తర్వాత బయటపెట్టండి.