పిల్లల సైన్స్ ఫిక్షన్‌లో చీకటి: యానిమార్ఫ్స్ చదివినవారి అభిప్రాయం కావాలి

పాతపుస్తకం:
అబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల్లో క్యాథరిన్ ఆపిల్‌గేట్ రాసిన యానిమార్ఫ్స్ కథలు ఏడెనిమిది దొరికాయి. జంతువులుగా మారగల కొందరు పిల్లలు గ్రహాంతర శత్రువులతో పోరాడే కథలివి. ఒక పిల్లవాడు అంచెలంచెలుగా బల్లిగా మారుతున్న అట్టబొమ్మ చూసి, సరదా కథలేమోనని పదకొండేళ్ళ మా అమ్మాయి కోసం కొన్నాను. ముందుగా నేను చదివితే, ఆ మొదటి పుస్తకంలోనే పిల్లలకు రూపం మార్చుకునే శక్తినిచ్చిన గ్రహాంతరవాసిని శత్రువు వాళ్ళ కళ్ళ ముందే తినేస్తాడు. చివరికి టొబియస్ అనే కుర్రవాడు జంతువు రూపంలో రెండు గంటలకు మించి ఉండకూడదన్న గడువు దాటిపోవడంతో డేగ రూపంలోనే చిక్కుకుపోతాడు. ఇవి పిల్లలకు ఇవ్వదగినవేనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

డల్లాస్ నాన్న:
నేను అమెరికాలో పెరిగాను. 1996లో మొదటి పుస్తకం వచ్చినప్పుడు నాకు పదేళ్ళు, 2001లో 54వ పుస్తకంతో కథ ముగిసేనాటికి పదిహేను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గుర్తున్నది నెత్తురు కాదు, భోజనాల బల్ల. ఈ కథల్లో శత్రువులైన యీర్కులనే పురుగులు చెవిలోంచి దూరి మెదడును చుట్టుకుంటాయి. ఆ మనిషి లోపల మెలకువగానే ఉండి, తన నోరు తనవి కాని మాటలు పలకడం చూస్తూ ఉండిపోతాడు. ఆ పిల్లల నాయకుడు జేక్. అతడి అన్నయ్య అలా బందీ అయినవాడే. తనకు సంగతి తెలుసని బయటపడకుండా జేక్ రోజూ ఆ అన్నయ్య ఎదురుగా కూర్చుని తినాలి. పిల్లవాడికి ఇల్లే భయం కావడం ఎలా ఉంటుందో అంత నిజాయతీగా చెప్పిన కథ ఆ వయసులో నాకు మరొకటి దొరకలేదు.

టీచరమ్మ:
నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. వీళ్ళు యుద్ధంలో చంపే ప్రతి శత్రువూ ఒక నిర్దోషి శరీరంలో ఉంటాడు. యీర్కులకు బానిసలైన హార్క్ బజీర్లనే గ్రహాంతర జీవులు చూడటానికి భయంకరంగా ఉన్నా నిజానికి చెట్ల బెరడు తిని బతికే సాధువులు. అంటే యీర్కును చంపితే ఆ బానిస కూడా చస్తాడు. ఈ సంగతిని రచయిత్రి దాటవేయరు. 19వ పుస్తకంలో, ఆ పిల్లల్లో ఒకరైన కాసీకి ఎదురైన యీర్కు, మరొకరి శరీరం లేకపోతే తమ జాతికి చూపే లేదని, గుడ్డిగా మడుగులో ఈదడమే తమ బతుకని చెప్పినప్పుడు కాసీ దగ్గర సిద్ధంగా జవాబు లేదు. దుర్మార్గుడికి ఒక వాదన ఉండనిచ్చి, ఆ వాదన తప్పో ఒప్పో పాఠకుడే తేల్చుకునేలా వదిలేయడాన్నే నేను పరిణతి అంటాను.

కృష్ణాతీరం:
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నాకు కనిపించిన లోటు చెప్పక తప్పదు. ఈ కథల్లో చేయి తెగినా పేగులు బయటపడినా మళ్ళీ మనిషి రూపంలోకి రాగానే గాయం మాయమవుతుంది, మర్నాడు స్కూలుకు వెళ్ళిపోతారు. దెబ్బకు విలువ లేనప్పుడు హింస అలవాటుగా మారదా? పైగా 25వ పుస్తకం తర్వాత చాలావాటిని వేరే రచయితలు రాశారు. వాటిలో కొన్ని కేవలం కాలక్షేపం.

డల్లాస్ నాన్న:
కృష్ణాతీరం గారూ, మధ్య పుస్తకాల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. గాయాల విషయంలో మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే మానేది ఒళ్ళు మాత్రమే. 22వ పుస్తకంలో, తమను మోసం చేసిన డేవిడ్ అనే కుర్రవాడిని చంపలేక, ఎలుక రూపంలో బంధించి రెండు గంటలు గడిచేదాకా జేక్ జట్టులోని రేచెల్, ఆక్స్ పక్కనే కాపలా ఉంటారు. అంతసేపూ అతడి కేకలు వాళ్ళ తలల్లో వినబడుతూనే ఉంటాయి. ఒక్క రక్తపు చుక్క లేని ఆ దృశ్యం రేచెల్‌ను చివరిదాకా వదలదు. ముగింపులో, పోరాడే స్థితిలో లేని 17,000కు పైగా యీర్కులను అంతరిక్షంలోకి వదిలి చంపేయమని జేక్ ఆజ్ఞాపిస్తాడు. సొంత అన్నను చంపడానికి రేచెల్‌ను పంపుతాడు, ఆమె తిరిగి రాదు. గెలిచిన తర్వాత కూడా జేక్ కోలుకోడు. దీని మీద పాఠకులు కోప్పడినప్పుడు, యుద్ధాలు సంతోషంగా ముగియవని క్యాథరిన్ ఆపిల్‌గేట్ బహిరంగ లేఖలో జవాబిచ్చారు. పదిహేనేళ్ళప్పుడు నాకూ కోపమే వచ్చింది. ఇప్పుడు ఆమె మమ్మల్ని పెద్దవాళ్ళుగా చూశారనిపిస్తుంది.

టీచరమ్మ:
డల్లాస్ గారు చెప్పిన ఆజ్ఞ గురించి చదువుతుంటే, 1975లో బీబీసీలో వచ్చిన డాక్టర్ హూ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ కథ ఒకటి గుర్తొచ్చింది. రెండు తీగలు కలిపితే డాలెక్‌లనే క్రూరమైన శత్రువుల జాతి మొలకలోనే నశిస్తుంది. కథానాయకుడైన డాక్టర్ ఆ తీగలను చేత పట్టుకుని, ఆ హక్కు తనకుందా అని ఆగిపోతాడు. అక్కడ కథ ఆగిపోవడానికి వీలిచ్చింది, జేక్‌కు ఆ వీలు కూడా లేదు. పాతపుస్తకం గారూ, పుస్తకాలు ఇవ్వండి, కానీ వరుసలో ఇవ్వండి, ముగింపు మాత్రం మరో రెండేళ్ళు ఆగితే మంచిది.

పాతపుస్తకం:
అందరికీ ధన్యవాదాలు. మొదటి పుస్తకం ఇచ్చాను, రెండు రాత్రుల్లో పూర్తిచేసింది. గ్రహాంతరవాసి చావు గురించి అడుగుతుందేమోనని నేను సిద్ధపడి ఉంటే, తను అడిగింది వేరు: "టొబియస్ డేగలా ఉండిపోతే వాళ్ళింట్లో ఎవరూ వెతకలేదా నాన్నా?" ఆ అబ్బాయిని బంధువులు ఒకరి దగ్గరనుంచి ఒకరి దగ్గరికి పంపిస్తూ ఉండేవారని, అందుకే ఎవరూ వెతకరని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అయితే టొబియస్ తన కథ తనే చెప్పుకునే పుస్తకం ఉందా అని అడిగింది. అది మూడోది. నాకు దొరికినవాటిలో లేదు. హైదరాబాదులో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పగలరు, చదివించి భద్రంగా తిరిగి ఇస్తాను.