ఉత్తర చూసి ఎత్తర... గంపా, కొంపా?

ఆమదాలవలస కుర్రాడు: మా మామ్మ మబ్బు చూసి "ఉత్తర చూసి ఎత్తర..." అని సగంలో ఊరుకుంది. తర్వాత గంపా, కొంపా? ఇంకోటి. "ఈ కార్తె దాటనీ" అంటుంది. అంటే పక్షం రోజులనేనా?

పాలకొండ మాస్టారు: పక్షం చంద్రుడిది, కార్తె సూర్యుడిది బాబూ. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె. ఏడాదికి 27. అందుకే తిథులు ఎంత జరిగినా మృగశిర మాత్రం ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. ఇక సామెత: "ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప". కొంప రెండో పాదంలోది.

బొబ్బిలి: అది సరే మాస్టారూ, గంప ఎందుకెత్తడం? మా నాన్న విత్తనాల గంప అనేవారు. వరి మీద ఆశ పోతే మెట్ట మీద ఉలవలు చల్లుకోమని.

టెక్కలి: కాదండీ, వలస గంప. సెప్టెంబరు 13న ఉత్తర వచ్చాక కూడా వాన లేకపోతే మడుల్లో ఏం మిగుల్తుంది? తట్టాబుట్టా సర్దుకోవడమే. కొంప విడవమన్నవాడు ముందు ఉలవలు చల్లమంటాడా?

బొబ్బిలి: చల్లమనే అంటాడు. అవీ రావని విశాఖలో తేలాక కదా కొంప విడిచేది! రెండూ వలసే అయితే ఒక మాట రెండుసార్లు ఎందుకు?

రాజాం (ప్రస్తుతం గాజువాక): విశాఖ అంటే ఊరేమో! కొంపలొదిలి మనమంతా వచ్చింది ఇక్కడికేగా.

పాలకొండ మాస్టారు: బాగుందయ్యా. నవంబరు 6న వచ్చే కార్తెకి రైల్వే స్టేషన్ కట్టేశావు.

సాలూరు: అసలు "విడవర" మన మాటేనా? మన వైపు "ఒగ్గెయ్" కదేటి. సామెత దిగుమతి సరుకు.

టెక్కలి: "ఒగ్గెయ్" పెడితే విశాఖకి యతి పోతుంది. ఉత్తరకి ఎత్తర ప్రాస, విశాఖకి విడవర యతి. కట్టినవాడికి చెవి ఉంది.

సాలూరు: మా ఇంట్లో కార్తె కూడా కాదు, కార్తి. కారు నుంచి వచ్చిందని నా అనుమానం. ముక్కారు పంటలో కారు.

పాలకొండ మాస్టారు: మరి "తె" ఎక్కడిది? కృత్తిక, కార్తిక వైపు వెతుకు. కన్నడ రైతులు ఈ గొడవే లేకుండా మృగశిర మళె, ఆరిద్ర మళె అని వాననే పిలుస్తారు.

సాలూరు: గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట పక్కన కూర్చుని కార్తి తప్పంటారా మాస్టారూ!

పాలకొండ మాస్టారు: తప్పనలేదు, తల్లెవరని అడిగాను. ఇలాంటి నాటు మాటల రుచి హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారికి తెలుసు. మా అజ్జాడ మనిషి.

బొబ్బిలి: మీ అజ్జాడ ఎప్పుడైంది? బలిజిపేట మండలం. 2022లో మన్యం జిల్లాకి పోయింది గానీ, దాసుగారు సంగీత కళాశాల నడిపింది విజయనగరంలో.

పాలకొండ మాస్టారు: గజ్జె కట్టి, రెండు చేతులా తాళాలు వేస్తూ కథ చెప్పిన మనిషిని జిల్లా సరిహద్దులో కొలుస్తావా?

పలాస: దాసుగారి సంగతి తర్వాత. చిత్తని మర్చిపోయారు. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట" అంటారు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ 11న. అన్నీ చిత్తలోనే. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. నేననేది ఏంటంటే, చిత్త, స్వాతుల్లో తుపాను వాన ఉందని తెలిసిన రైతు ఉత్తరకే ఊరొదిలిపోతాడా? కాబట్టి బొబ్బిలి వారి ఉలవ గంపే.

టెక్కలి: తుపాను వాన చేను ముంచడానికి వస్తుంది, తడపడానికి కాదు. పైగా విత్తనాల గంపయితే "పట్టర" అనాలి. "ఎత్తర" అంటే నెత్తికే.

బొబ్బిలి: పట్టర పెడితే ప్రాస పోదా? చెవి ఉందన్నది మీరే.