ధ్రువపు ఎలుగుబంటికి 500 మీటర్ల దూరం: ఫొటోలు తీసేవారికి అన్యాయమా?

విశాఖపట్నం సభ్యుడు:
వచ్చే ఏప్రిల్‌లో ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌కు వెళ్లాలని మూడేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను. నార్వే పెట్టిన నిబంధన చదివి నీరుగారిపోయాను. 2025 జనవరి 1 నుంచి ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల లోపు వెళ్లకూడదు. మార్చి 1 నుంచి జూన్ 30 వరకైతే 500 మీటర్లు. నా దగ్గరున్నది 600 మి.మీ. లెన్సు. ఫుల్‌ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాతో అంత దూరం నుంచి తీస్తే చిత్రంలో 30 మీటర్ల వెడల్పు మంచు పడుతుంది. రెండున్నర మీటర్ల జంతువు అందులో పన్నెండో వంతు. ఇంత దూరం పోయి ఒక చుక్కను తీసుకురావాలా? జంతువును బెదరగొట్టవద్దన్న పాత నియమం చాలదా?

ట్రోమ్సో (నార్వే) సభ్యురాలు:
చాలదు. బెదిరిందో లేదో తేల్చేది ఎవరు? ఫొటో కావలసినవారే కదా! మార్చి, ఏప్రిల్ నెలల్లో తల్లి కూనలతో మంచు బొరియ నుంచి బయటికి వస్తుంది. అప్పటికి నెలల తరబడి దానికి తిండి లేదు. వసంతంలో దొరికే సీళ్లతోనే ఒంట్లో కొవ్వు పట్టాలి. అందుకే సీల్ ఊపిరి పీల్చుకోవడానికి పైకి వచ్చే మంచు రంధ్రం దగ్గర గంటల కొద్దీ కదలకుండా కాచుకుంటుంది. స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) చప్పుడుకు ఆ సీల్ తప్పిపోయిందనుకోండి. ఎలుగుబంటి పరుగెత్తలేదు కాబట్టి దానికేమీ కాలేదని మనం ఇంటికి వచ్చేస్తాం.

హైదరాబాద్ సభ్యుడు:
అసలు ముప్పు సముద్రపు మంచు కరిగిపోవడం. కెమెరా పట్టుకున్న నలుగురిని వెనక్కి జరిపితే ఆ మంచు తిరిగి వస్తుందా? ఓడ మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డవారినీ, బండి మీద వెంటబడేవారినీ ఒకే గాటన కట్టడం తప్పు. దగ్గరి చిత్రం చూస్తేనే జనం మనసు కరుగుతుంది. అయినా, ఎలుగుబంటే తనంతట తాను దగ్గరికి వస్తే?

ట్రోమ్సో సభ్యురాలు:
వస్తే ఆలస్యం చేయకుండా మనమే దూరంగా జరగాలి, నియమం అదే. మంచు గురించి మీరన్నది నిజం. వేటాడే చోటు తగ్గిపోతున్న జంతువుకు మిగిలిన వేటనైనా ప్రశాంతంగా వదలమనే నేను అడుగుతున్నాను. దగ్గరి చిత్రాలు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. అవి చూసినవారిలో చాలామందికి తామూ అలాంటిదే తీయాలనిపించడం నేను కళ్లారా చూస్తున్నాను.

విశాఖ మిత్రులారా, అదే 500 మీటర్ల నుంచి 100 మి.మీ. లెన్సుతో తీసి చూడండి. 180 మీటర్ల వెడల్పున హిమానీనదం గోడ, దాని కింద నడిచిపోయే ప్రాణి. ఆ నేల ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. వేసవిలో వస్తే రాళ్ల సందుల్లో ఊదారంగు సాక్సిఫ్రేజ్ పూలు, నేల మీద పాకే విల్లో మొక్కలు కూడా దొరుకుతాయి. పూలు కోయడం అక్కడ నిషేధం. వాటి మీద బోర్లా పడుకోవద్దు, పక్కనున్న రాతి మీద పడుకోండి.

విశాఖపట్నం సభ్యుడు:
సీల్ సంగతి నాకు తట్టనే లేదు. ఓడల విషయంలో మాత్రం 500 ఎక్కువేనని ఇప్పటికీ అంటాను. జూలైకి మార్చుకుంటే 300 మీటర్లు, చిత్రంలో 18 మీటర్ల వెడల్పు. సెలవు మళ్లీ అడగాలి. పూల కోసం మాక్రో లెన్సు (చిన్నవాటిని బాగా దగ్గరనుంచి తీసేది) ఎవరైనా ఎరువిస్తారా?