పిప్ ఇంటికి ఏం తెచ్చాడు?

ప్రశ్న: వీరుడి ప్రయాణం గురించి పురాణ కథల పరిశోధకుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పింది తెలిసిందేగా. పిలుపు వస్తుంది, గురువు దొరుకుతాడు, గడప దాటి నానా కష్టాలు పడి, ఊరికి పనికొచ్చేదేదో పట్టుకుని తిరిగొస్తాడు. దీన్ని పట్టికగా వేసి, డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’కి పెట్టి చూస్తూ రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నా. మొదటి సగం బాగానే అతికింది. కొలిమి దగ్గర పని నేర్చుకుంటున్న కథానాయకుడు పిప్‌కి, పేరు చెప్పని దాత ఇచ్చే ఆస్తి కబురు లాయరు తేవడం పిలుపు, లండన్ బండెక్కడం గడప. ఆ తర్వాతే చిక్కు. గురువెవరు? తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏముంది?

జవాబు 1: గురువు దగ్గర డికెన్స్ పిప్‌తో పాటు మనల్నీ బురిడీ కొట్టించాడు. ఆ దాత ధనికురాలు మిస్ హావిషామ్ అనుకుంటాం. డబ్బు పంపింది మాగ్విచ్, చిన్నప్పుడు సమాధుల మధ్య పట్టుకుని ఆకురాయి, తిండి తెమ్మని బెదిరించిన ఖైదీ!

జవాబు 2: చేతిలో ఏమీ లేదండీ. జ్వరం తగ్గి ఓ పొద్దున లేచేసరికి, ఇన్నాళ్లూ సేవ చేసిన జో, అంటే పిప్‌ని పెంచిన కమ్మరి, వెళ్లిపోయాడు. చిన్న ఉత్తరం, దాంతో పాటు పిప్ అప్పు కట్టేసిన రసీదు. కమ్మరి సంపాదన అది. నాకైతే వీరుడు జోనే, ప్రయాణం కట్టింది పిప్ అయినా.

ప్రశ్న వేసినవారు: రసీదు సంగతి మర్చేపోయా! చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీని పెళ్లాడదామని పిప్ ఊరికొస్తే, ఆ రోజే ఆమెకు జోతో పెళ్లయిపోయి ఉంటుంది. ఇంక నా పట్టికలో ‘తిరిగి రాక’ గడి ఖాళీగానే ఉంచుతున్నా.