ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల భాషలో ఆండ్, ఆర్‌లు ట్రూ, ఫాల్స్ తప్ప ఇంకేమీ తీసుకోకూడదా?

తొలిమెట్టు:
కొత్తవాళ్లు తరచూ రాసే లైను ఇది:
ఇఫ్ రంగు == "ఎరుపు" ఆర్ "నీలం"
పైథాన్ దీన్ని కిమ్మనకుండా తీసుకుంటుంది. రంగు పచ్చ అయినా కండిషన్ నెగ్గుతుంది! ముందు == (రెండూ సమానమా అని చూసే గుర్తు) పని అయిపోతుంది, ఆర్‌కి కుడివైపు ఉత్త "నీలం" మిగులుతుంది. ఖాళీ కాని స్ట్రింగ్ (కోట్ల మధ్య రాసిన అక్షరాలు) ఏదైనా పైథాన్ లెక్కలో నిజమే. జావాలో ఇలాంటిది కంపైల్ కూడా అవ్వదు, అంటే ప్రోగ్రామ్ నడవకముందే ఎర్రర్ వస్తుంది. నేర్పే భాష అలాగే అడ్డుపడాలంటాను.

సెమీకోలన్:
నేను ఒప్పుకోను. పేరు = ఇన్‌పుట్() ఆర్ "అతిథి" అని ఒక్క లైనులో డిఫాల్ట్ (ఏమీ టైప్ చేయకపోతే వాడే విలువ) పెట్టుకునే వీలు పోతుంది కదా. ఎడమవైపు విలువ నిజమైతే అదే వస్తుంది, లేదంటే కుడివైపుది. ఇంతే రూలు, ఇందులో అర్థం కానిదేముంది?

తొలిమెట్టు:
ఆ వీలే కొంప ముంచుతుంది. మార్కులు = వచ్చినవి ఆర్ 35 అని రాయండి. నిజంగా సున్నా వచ్చినవాళ్లకి 35 పడతాయి, ఎందుకంటే 0 కూడా ఫాల్స్ కిందే లెక్క. ఎర్రర్ వస్తే కనీసం ఏ లైనో తెలుస్తుంది. ప్రోగ్రామ్ నడిచి తప్పు జవాబిస్తే కొత్తవాళ్లు ఎక్కడని వెతుకుతారు?

పాతపాస్కల్:
అడ్డుపడితే చాలదండీ. పాస్కల్ 1970లో వచ్చింది, నిక్లాస్ విర్త్ గారు చదువు చెప్పడానికే చేసిన భాష. బూలియన్ (ట్రూ, ఫాల్స్ విలువల) విషయంలో చాలా స్ట్రిక్టు. కానీ అందులో ఆండ్‌ది పోలికల కంటే పైచేయి. ఇఫ్ ఎ > 0 ఆండ్ బి > 0 అంటే ముందు "0 ఆండ్ బి"ని పట్టుకుంటుంది. వచ్చేది టైపు (విలువల రకం) కుదరలేదన్న ఎర్రర్, కావలసింది బ్రాకెట్లు. ఆ రెండింటికీ సంబంధం కొత్తవాళ్లకి ఎలా తడుతుంది?

బ్లాకులబడి:
బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌లో ఈ గొడవే లేదు. ఆండ్, ఆర్ బ్లాకుల్లో ఉండేవి షట్కోణపు ఖాళీలు. పోలిక బ్లాకూ షట్కోణమే కాబట్టి ఇమిడిపోతుంది. "నీలం" అని టైప్ చేద్దామన్నా అక్కడ చోటుండదు.

సెమీకోలన్:
బ్లాకులకి సరే, టైప్ చేసే భాషకి ఆకారాలెక్కడివి? పాతపాస్కల్ గారి మాటతో మాత్రం ఏకీభవిస్తాను. ఆపితే ఆపండి, కానీ "రంగు == "నీలం" అని రాయబోయారా?" అని అడిగేలా ఆపండి. అలాగైతే నా డిఫాల్ట్ లైను వదులుకుంటాను.

తొలిమెట్టు:
వదులుకోనక్కర్లేదండీ, ఇఫ్, ఎల్స్‌తో రాసుకోండి. మూడు లైన్లు ఎక్కువవుతాయి, అంతేగా.

సెమీకోలన్:
ఆ మూడు లైన్లే నా బాధ :)