ప్రిఫిక్స్‌ను ‘ఇంటిపేరు’ అనవచ్చా?

ప్రశ్న:
ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో (ఫైళ్లను ఒక్కో వస్తువుగా, పేరుతో దాచే నెట్ నిల్వలో) పెట్టడం, తేవడం, జాబితా తీయడం, తీసెయ్యడం, ఈ నాలుగు పనులే చేసే చిన్న పైథాన్ లైబ్రరీకి తెలుగు వాడుక పత్రం సిద్ధమవుతోంది. అమెజాన్ వారి నిల్వ సేవ ఎస్3 పద్ధతిలో నడిచే ఏ నిల్వతోనైనా ఇది పని చేస్తుంది. చిత్తుప్రతిలో బకెట్‌కు (వస్తువులను దాచే చోటు) ‘గాదె’, కీకి (వస్తువు పేరు) ‘తాళంచెవి’, ప్రిఫిక్స్‌కు (ఆ పేరు మొదట్లోని అక్షరాలు) ‘ఉపసర్గ’ అని ఉంది. ఆబ్జెక్ట్‌ను వ్యాకరణం ప్రకారం ‘కర్మ’ అనలేదు, అంతవరకు నయం. మిగతావి నిలుస్తాయా?

జవాబు 1:
గాదె వినడానికి బాగుంది కానీ పోలిక కుదరదు. గాదెలో పోసిన గింజకు పేరుండదు, ఇక్కడ ప్రతి వస్తువునూ పేరుతోనే అడగాలి. బొక్కెన అంటే నీళ్లు తోడడమే గుర్తొస్తుంది. బకెట్‌ను బకెట్ అనే ఉంచండి. బాల్చీ కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే, దాన్నెవరూ పరాయిమాట అనుకోవడం లేదు కదా.

తాళంచెవి మాత్రం తప్పకుండా తీసెయ్యండి. ఇదే లైబ్రరీలో నిల్వలోకి రానిచ్చే యాక్సెస్ కీ, సీక్రెట్ కీ కూడా ఉంటాయి, అవి నిజంగానే తాళంచెవులు. ఆబ్జెక్ట్ కీ అంటే వస్తువు పూర్తి పేరు, అంతే. రెండింటికీ ఒకే మాట వాడితే ‘కీని ఎవరికీ చూపించవద్దు’ అన్న హెచ్చరిక దేని గురించో చదివేవాడికి తెలియదు. ఒకదానికి ‘పేరు’, రెండోదానికి ‘రహస్య కీ’ అనండి.

జవాబు 2:
ఉపసర్గ అసలు కుదరదు. ‘హారం’ ముందు ‘ప్ర’ చేరితే ప్రహారం, ‘వి’ చేరితే విహారం. ఉపసర్గ అర్థాన్నే మార్చేస్తుంది. ప్రిఫిక్స్ ఏమీ మార్చదు, పేరు మొదట్లో ఉన్న అక్షరాలు మాత్రమే.

దానికి మన దగ్గర సరిపోయే మాట ఇంటిపేరు. మనకది పేరుకు ముందే వస్తుంది. ఒకే ఇంటిపేరున్న వాళ్లందరినీ పిలవవచ్చు, అంతమాత్రాన వాళ్లంతా ఒకే ఇంట్లో ఉన్నట్టు కాదు. ఎస్3లో ‘ఫొటోలు/2024/’ అనే ఫోల్డర్ లేదు, ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లున్నాయి. వాలుగీటును (/) డిలిమిటర్‌గా, అంటే పేరును విడగొట్టే గుర్తుగా ఇచ్చి జాబితా అడిగితే సర్వర్ వాటిని గుంపు కట్టి చూపిస్తుంది, చూసేవాడికి ఫోల్డర్‌లా కనిపిస్తుంది. అందుకే ‘ఫోల్డర్ పేరు మార్చు’ అనే పని సర్వర్‌కు చేసే ఒక్క పిలుపుతో (ఒక్క అభ్యర్థనతో) అవ్వదు. ఒక్కో వస్తువునూ కొత్త పేరుతో కాపీ చేసి, పాతది తీసెయ్యాలి. పది వేల వస్తువులుంటే పది వేల కాపీలు. తీసెయ్యడం ఒక్కటే ఒక పిలుపుకు 1,000 చొప్పున చేయవచ్చు.

పత్రంలో ఇంటిపేరు అన్న పోలిక ఒక్కసారి వాడి, ఆపైన ‘ప్రిఫిక్స్’ అనే రాయండి. కోడ్‌లో ఆర్గ్యుమెంట్ పేరు అదే కదా.

జవాబు 3:
జాబితా అనే మాట దగ్గర కూడా ఒక వాక్యం కలపండి. ఒక పిలుపుకు వచ్చేది గరిష్ఠంగా 1,000 పేర్లు. మిగిలినవాటికి సర్వర్ ఇచ్చే కంటిన్యూయేషన్ టోకెన్ (ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు) పట్టుకుని మళ్లీ అడగాలి. కొన్ని చిన్న లైబ్రరీలు ఈ పని మనకే వదిలేస్తాయి. లెక్క ఎప్పుడు చూసినా సరిగ్గా 1,000 అని వస్తుంటే అనుమానించాల్సింది దీన్నే.

‘అప్‌లోడ్’కు తెలుగు వికీపీడియాలో నడిచే ‘ఎక్కింపు’ బాగానే ఉంటుంది. పెద్ద ఫైలును భాగాలుగా పంపే మల్టీపార్ట్‌ను ‘ముక్కలుగా ఎక్కింపు’ అనండి. చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ, మొత్తం ముక్కలు 10,000 దాటకూడదు. అంటే 5 ఎంబీ ముక్కలతో 80 జీబీ ఫైలు పూర్తికాదు, సగం దాటాక ఆగిపోతుంది. 16 ఎంబీ పెడితే 5,120 ముక్కల్లో సరిపోతుంది.

గాదెను వదులుకోవడం బాధగా ఉంటే ఇక్కడ వాడుకోండి. మధ్యలో ఆగిన ఎక్కింపు తాలూకు ముక్కలు మామూలు జాబితాలో కనిపించవు, బిల్లు మాత్రం పెరుగుతుంటుంది. గాదె కింద పందికొక్కులే అవి. తప్పు జరిగిన చోట లైబ్రరీ అబార్ట్ (ఆ ఎక్కింపును రద్దు చేసే పని) పిలవాలి. అది పిలవకపోయినా ఇబ్బంది లేకుండా, 7 రోజులు దాటిన అసంపూర్తి ముక్కలను తుడిచేసే లైఫ్‌సైకిల్ నియమాన్ని బకెట్‌కు పెట్టుకోవాలి.

జవాబు 4:
అనువాదం సరే, వస్తువుల పేర్లే తెలుగులో పెడితే ఏమవుతుందో పత్రంలో రాయాలి. పేరుకు హద్దు 1,024 బైట్లు. తెలుగు సంకేతం (యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఉండే సంఖ్య) ఒక్కోటి యూటీఎఫ్-8లో (ఆ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు, లోపల 7 సంకేతాలు, 21 బైట్లు. యూఆర్‌ఎల్‌లో ప్రతి బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది కాబట్టి 63. లైబ్రరీ ఆ మార్పు చేసి, పిలుపుకు రహస్య కీతో సంతకం వేశాక యూఆర్‌ఎల్‌ను మనం ఇంకోసారి మారిస్తే సంతకం సరిపోలలేదని సర్వర్ తిప్పికొడుతుంది. ఇంగ్లిషు పేర్లతో మాత్రమే పరీక్షించిన లైబ్రరీలో ఈ లోపం బయటపడదు.

ఇంతకన్నా కనిపించని చిక్కు ‘హైదరాబాద్’ లాంటి పేర్లలో ఉంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. తెరమీద తేడా ఉండదు. బైట్లు మొదటి పద్ధతిలో 27, రెండో పద్ధతిలో 30. ఎస్3 వీటిని కలపదు, రెండూ వేర్వేరు వస్తువులు. పాత మాక్ ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది కాబట్టి అక్కడి నుంచి ఎక్కించినవి ఇలా వస్తాయి. పెట్టేముందూ అడిగేముందూ ఎన్‌ఎఫ్‌సి రూపంలోకి (విడదీసిన సంకేతాలను కలిపి రాసే యూనికోడ్ రూపం) మార్చాలి. ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు తర్వాత ఉండే కనిపించని సంకేతాన్ని ఎన్‌ఎఫ్‌సి ముట్టుకోదు, దాన్ని విడిగా తీసెయ్యాలి.

బకెట్ పేరులో తెలుగు అసలు కుదరదు. చిన్న ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్క, మొత్తం 3 నుంచి 63. చుక్క పెట్టకపోవడమే మేలు, హెచ్‌టీటీపీఎస్ ధ్రువపత్రం సరిపోక పేచీ వస్తుంది. మెటాడేటాలోనూ (వస్తువుతో పాటు దాచే వివరాలు) తెలుగును నేరుగా పెట్టనివ్వదు అమెజాన్ వారి పైథాన్ లైబ్రరీ బోటో3. బేస్64లోకి (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో రాసే రూపం) మార్చి పెట్టుకోవాలి, అదీ 2 కేబీ లోపు.

ప్రశ్న అడిగినవారు:
తాళంచెవి, ఉపసర్గ తీసేశాం. గాదె పందికొక్కుల దగ్గరికి వెళ్లింది. ఒక్కటి మిగిలింది. సర్వర్ ఇచ్చే దోష సంఖ్యల్లో 403కు ‘అనుమతి లేదు’, 404కు ‘ఆ పేరుతో ఏదీ లేదు’ అని ఉంది. సరిపోతుందా?

జవాబు 2:
404ది సరే. 403 దగ్గర ‘అనుమతి లేదు, లేదా ఆ పేరుతో ఏదీ లేదు’ అని మార్చండి. జాబితా తీసే అనుమతి లేనివారు లేని వస్తువును అడిగినా ఎస్3 403 అనే చెబుతుంది. పేరులో అక్షరదోషం పెట్టుకుని రోజంతా అనుమతులు తిరగరాస్తూ కూర్చుంటారు.