తొమ్మిదేళ్ల అద్దె తర్వాత అడ్వాన్సంతా పెయింటుకు, రిపేర్లకే పోయిందంటున్నారు: బుడమేరు మరకలు ఎవరి పద్దు?

సింగ్‌నగర్_అద్దె:

విజయవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. రెండు బెడ్‌రూములు, 850 చదరపు అడుగులు ఉంటుంది. 2016లో దిగాం, ఇప్పుడు ఖాళీ చేస్తున్నాం. సామాను తరలించేశాం, తాళాలు మాత్రం ఇంకా మా దగ్గరే ఉన్నాయి. అద్దె 12,000, అడ్వాన్సు 36,000.

ఓనర్ గారు వాట్సాప్‌లో పంపిన లెక్క ఇది. ఇల్లంతా పెయింటింగ్ 28,000, బాత్రూం తలుపులు రెండు 9,000, టైల్స్ 4,500, కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు కలిపి 3,200, దోమల మెష్‌లు 2,400, క్లీనింగ్ 1,500. మొత్తం 48,600. అడ్వాన్సు పోగా ఇంకో 12,600 మేమే ఇవ్వాలట. ఒక్క బిల్లు కూడా జత చేయలేదు.

మేం దిగినప్పుడు వేసిన రంగే ఇప్పటికీ ఉంది, మధ్యలో ఒక్కసారి కూడా వేయించలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు ఇంట్లో నడుం లోతు వచ్చాయి. గోడల మీద ఆ గీత అలాగే ఉంది. తలుపులు ఉబ్బింది కూడా అప్పుడే. ఇదే మాట అంటే, వరద సాయం 25,000 మీకే వచ్చింది కదా, దాంతో బాగు చేయించాల్సింది అంటున్నారు. హాల్లో మూడు టైల్స్ పైకి లేచాయి, వంటింట్లో సిలిండర్ పెట్టే చోట ఒకటి పగిలింది.

అగ్రిమెంట్ 2016లో 11 నెలలకు స్టాంపు పేపరు మీద రాసుకున్నదే. తర్వాత మళ్లీ రాయలేదు. అందులో పెయింటు మాట లేదు. "ఇచ్చిన స్థితిలో అప్పగించాలి" అన్న లైను ఒకటుంది. ఇందులో నిజంగా మేం కట్టాల్సింది ఎంత?

---

సివిల్_పనులు_గుంటూరు:

ఆ లెక్క గంపగుత్తగా వేసింది. మూడు రకాలు కలిసిపోయాయి అందులో: కాలంతో పోయేది, వరద వల్ల పోయింది, వాడకంలో పగిలింది. తాళాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ముందు వాటిని గోడల మీదే విడదీసి ఫొటోలు తీసుకోండి. రంగు పడితే ఆ రుజువు పోతుంది.

టేపు నేల మీద ఆనించి నిలువుగా పట్టుకుని ప్రతి గదిలో మరక ఎత్తు ఫొటో తీయండి. వరద గీత అన్ని గదుల్లో ఒకే మట్టంలో, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ అలా ఉండదు. ఒకచోట మోకాలి దాకా, ఇంకోచోట రెండడుగుల దాకా ఎగుడుదిగుడుగా ఎక్కి, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతుంది. బాత్రూం వెనక గోడకు మాత్రమే పెచ్చులూడితే లోపల పైపు కారుతోందని అనుమానించాలి. ఈ మూడింట్లో ఏదీ అద్దెకున్నవాళ్ల పద్దు కాదు. పిల్లల గీతలు, అంటించి పీకేసిన స్టిక్కర్ల మచ్చలు, గోడ పెచ్చు లేచేలా దిగ్గొట్టిన మేకులు, ఏసీ పైపు కోసం కొట్టించి పూడ్చకుండా వదిలేసిన కన్నం, ఇవి మీవి. కర్టెన్ రాడ్లకు, దేవుడి పటానికి కొట్టిన చిన్న కన్నాలు మామూలు వాడకమే. అయినా వైట్ సిమెంటు కొద్దిగా తెచ్చి పూడ్చేస్తే ఆ గొడవ కూడా ఉండదు.

ఇక రంగు ఆయుష్షు. చవక రకం ఎమల్షన్ (నీళ్లలో కలిపే గోడ రంగు) లోపలి గోడల మీద మూడు నాలుగేళ్లు బాగుంటుంది, మంచిది ఐదారేళ్లు. తొమ్మిదేళ్ల రంగుకు మిగిలిన విలువ సున్నా. ఎవరు ఖాళీ చేసినా, చేయకపోయినా ఈ పాటికి ఓనరు రంగు వేయించాల్సిందే.

28,000 అంకెను కూడా విప్పి చూడండి. 850 అడుగుల ఇంటికి గోడలు, సీలింగు కలిపి 2,600 నుంచి 2,900 చదరపు అడుగులు వస్తుంది. రెండు పూతలకు లీటరుకు 60, 70 అడుగులు లెక్కేస్తే సుమారు 43 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు రెండు, పైన ఇంకో మూడు లీటర్లు. బిల్లులో డబ్బాలు నాలుగుంటే ఏ గోడకు వేశారో అడగండి. గీకుడు, లప్పం, ప్రైమర్, రంగు, కూలి విడివిడిగా రాసివ్వమనండి. నీళ్లు నిలిచిన గోడకు లప్పం ఎక్కువ పడుతుంది. ఆ అదనపు ఖర్చు వరద పద్దు, మీది కాదు.

తలుపులు చూడండి. రోజూ పడే నీళ్లకు ఫ్లష్ డోరు (ప్లై అతికించిన నున్నటి తలుపు) లోపలి వైపు, అడుగున ఆరు నుంచి తొమ్మిది అంగుళాలే ఉబ్బుతుంది. వరద నీళ్లకు రెండు వైపులా గోడ మీది గీత ఎత్తు వరకు ప్లై పొరలు విడిపోతాయి. తలుపు పక్కనే గోడ గీత కూడా పడేలా ఒకే ఫొటో తీయండి, వేరే వాదన అక్కర్లేదు.

టైల్స్‌కు ఒక రూపాయి బిళ్ల చాలు. పైకి లేచిన మూడింటి మీద, వాటి చుట్టూ ఉన్న వాటి మీద తట్టి వీడియో తీయండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు మాలు నిండా పరచలేదని. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందు లేకుండా అతికించినా ఎండలకు వ్యాకోచించి ఇలాగే గుడారంలా లేస్తాయి. అది కట్టినప్పటి లోపం. వంటింట్లోది దెబ్బ తగిలిన చోట చిన్న గుంట పడి, అక్కడి నుంచి పగుళ్లు నలువైపులా పోయి ఉంటే బరువు పడిందని అర్థం. ఆ ఒక్కటి మీరే కట్టాలి.

---

కోర్టు_సెంటర్_వకీలు:

పై వివరం చట్టంలో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో చెబుతాను.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఎం క్లాజు చూడండి. అద్దెదారు తనకు అప్పగించినప్పటి స్థితిలో ఇంటిని తిరిగి ఇవ్వాలి. అయితే సహజమైన అరుగుదల వల్ల, ఎవరూ ఆపలేని శక్తి వల్ల వచ్చిన మార్పులకు ఇందులో మినహాయింపు ఉంది. తొమ్మిదేళ్ల రంగు మొదటి దాంట్లోకి, బుడమేరు రెండో దాంట్లోకి వస్తాయి. మీ అగ్రిమెంట్‌లోని "ఇచ్చిన స్థితిలో" అన్న లైను ఈ మినహాయింపులను తీసేసేలా లేదు. "ఖాళీ చేసేటప్పుడు అద్దెదారే రంగు వేయించాలి" అని స్పష్టంగా రాసి ఉంటే కథ వేరు, ఎందుకంటే ఆ సెక్షన్ "వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు" అనే మొదలవుతుంది. "ఇక్కడ అందరూ ఒక నెల అద్దె పెయింటుకు కోస్తారు" అని ఓనర్లు అనేది ఈ మాట ఆసరాతోనే. కానీ ఆచారం ఉందని నిరూపించాల్సింది దాన్ని చెప్పుకునేవాళ్లు. నలుగురు కోశారన్నంత మాత్రాన ఆచారం అయిపోదు.

11 నెలల గడువు దాటాక కూడా ఆయన అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి, సెక్షన్ 116 ప్రకారం మీది నెలనెలా సాగే అద్దె. దీన్ని ముగించడానికి 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఖాళీ చేస్తున్నామని ముందే రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో చెప్పారా అన్నది చూసుకోండి. చెప్పకపోతే ఆ 15 రోజుల అద్దె అడిగే హక్కు ఆయనకుంటుంది.

వరద సాయం సంగతి. నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 తీసుకున్నంత మాత్రాన, భవనం రిపేరు మీ నెత్తిన పడదు. అలా మీరిద్దరూ ఒప్పందమేమీ చేసుకోలేదు. పైగా ఆ డబ్బు జమైన బ్యాంకు ఎంట్రీయే మీకు బలం. ఫలానా ఇంట్లోకి నీళ్లు వచ్చాయని సర్కారే లెక్క రాసుకుందని అది చెబుతుంది. పాస్‌బుక్కులో ఆ పేజీ కాపీ తీసిపెట్టుకోండి. నీళ్లు తీసిన రోజుల్లో ఓనర్‌కు పంపిన ఫొటోలు, మాట్లాడిన మెసేజీలు ఉంటే ఇంకా మంచిది.

మీకు నచ్చని మాట ఒకటి కూడా చెప్పాలి. కుళాయిలు, ఫ్లష్, మెష్‌ల విషయంలో మీ వాదన బలహీనం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూల్‌లో ఎవరి రిపేర్లు ఎవరివో విడదీశారు. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపులు, లోపలి వైరింగు ఇంటి యజమానివి. కుళాయిలు, వాషర్లు, మరుగుదొడ్డి రిపేరు, గీజరు, స్విచ్‌లు, దోమల మెష్‌లు, కిటికీ అద్దాలు అద్దెదారువి. నమూనా చట్టం కాబట్టి దానంతటదే అమల్లోకి రాదు, రాష్ట్రం చేసిన చట్టంలో ఏముందో కూడా చూసుకోవాలి. కానీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఇది మంచి కొలతే. పెయింటు ఆయన పద్దు అనడానికి అది చూపిస్తే, కుళాయి మీ పద్దు అని ఆయన చూపిస్తారు.

---

పటమట_ఇంటి_ఓనర్:

ఓనర్ల వైపు నుంచి. కొత్త అద్దెదారు దిగాలంటే రంగు వేయక తప్పదు, ఆ ఖర్చు చేతిలో లేనప్పుడు కళ్ల ముందున్న అడ్వాన్సు మీద చెయ్యి పడుతుంది. అది న్యాయం కాదు. అద్దెలోనే అరుగుదలకు డబ్బు వస్తోందని ఓనర్లం గుర్తుంచుకోవాలి. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా రంగు వేయించని చోట ఆ ఖర్చు ఇప్పటిదాకా మిగిలినట్టే.

నేనైతే ఇలా తేల్చేవాణ్ణి. వంటింటి టైల్‌కు 1,200, మేస్త్రి సగం రోజు కూలితో సహా. అదే రంగు టైల్ దొరకదు కాబట్టి సిలిండర్ కింద దగ్గరి షేడు వేస్తే సరిపోతుంది, ఒక్క టైల్ కోసం వంటిల్లంతా మార్పించి బిల్లు వేయడం తప్పు. కుళాయిలు, ఫ్లష్‌కు బిల్లు చూపిస్తే 3,200. కుళాయి బాడీ బాగుండి చుక్కలు కారుతుంటే లోపలి స్పిండిల్ గానీ కార్ట్రిడ్జ్ గానీ (నీళ్లు ఆపే లోపలి భాగం) మారిస్తే చాలు, మొత్తం కొత్తది వేయక్కర్లేదు. అప్పుడు అందులో సగం కూడా కాదు. మన బోరు నీళ్ల ఉప్పుకు కుళాయి నోరు తెల్లగా గట్టిపడటం సహజం, దానికి డబ్బు పట్టకూడదు. మెష్‌లు తొమ్మిదేళ్ల నాటివి, ఎండకు పెళుసెక్కి ఉంటాయి, సగానికి సగం 1,200. క్లీనింగుకు సున్నా, కానీ మీరు ఊడ్చి, వంటగట్టు జిడ్డు, ఎగ్జాస్ట్ ఫ్యాను మసి తీసి, పాత సామాను మిగల్చకుండా ఇస్తేనే.

మొత్తం 5,600. మీకు రావాల్సింది 30,400.

---

సింగ్‌నగర్_అద్దె:

చాలా థాంక్స్ అండి. 5,600 కట్టడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు. డబ్బు చేతిలో పడేదాకా తాళాలు ఇవ్వకుండా ఉంచుకోమని ఇంట్లో అంటున్నారు. అది మంచిదేనా? లెటర్ ఎలా రాయాలి?

---

కోర్టు_సెంటర్_వకీలు:

తాళాలు ఉంచుకోవద్దు. స్వాధీనం మీ దగ్గరుందంటే అద్దె నడుస్తూనే ఉంటుంది. మూడు నెలలు పట్టుదలకు పోతే అడ్వాన్సు మొత్తం అందులోనే కరిగిపోతుంది. ఫొటోలు, వీడియోలు అయ్యాక ఇద్దరు సాక్షుల ముందు తాళాలిచ్చి, "ఫలానా తేదీన ఇన్ని తాళాలు ముట్టాయి" అని రాయించుకోండి. సంతకం పెట్టనంటే ఇచ్చిన వెంటనే అదే మాట వాట్సాప్‌లో పెట్టండి. మీరు ఊరికి దూరంగా ఉన్నా తాళాలను పక్కింటివాళ్ల చేతికిచ్చి వెళ్లకండి, స్వాధీనం ఎప్పుడు ఇచ్చారన్నది తర్వాత పెద్ద తగవవుతుంది.

ఫొటోలు పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే తేదీ వివరాలు ఫైల్లోంచి పోతాయి. అసలు ఫైళ్లు ఫోన్లోంచి చెరపకండి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద వాటికి సర్టిఫికెట్ జతచేయాలి, అప్పుడు అసలు పరికరం గురించి అడుగుతారు.

లెటర్ ఒక పేజీ చాలు. కోపం మాటలు వద్దు. ఇల్లు, అద్దె కాలం, అడ్వాన్సు మొత్తం, తాళాలిచ్చిన తేదీ. తర్వాత ఆయన పంపిన ఆరు పద్దులకూ ఒక్కో లైను జవాబు, ఒప్పుకున్నది ఎంత, ఒప్పుకోనిది ఎందుకు. చివర్లో ఇలా రాయండి: "మినహాయింపులు పోను 30,400 రూపాయలు ఈ లేఖ అందిన 15 రోజుల్లో చెల్లించగలరు. చెల్లించని పక్షంలో ఈ తేదీ నుంచి వడ్డీ కూడా కోరతాను." ఈ వడ్డీ వాక్యం మరిచిపోవద్దు. 1978 వడ్డీ చట్టం ప్రకారం, వడ్డీ కోరతామని రాతపూర్వకంగా తెలిపిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించవచ్చు. చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఆయన కదలకపోతే నేరుగా దావా వేయకండి. విజయవాడ కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవా కమిటీలో ప్రీలిటిగేషన్ దరఖాస్తు (దావాకు ముందే రాజీ కోరే అర్జీ) పెట్టండి. గుంటూరు వాళ్లయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. తెల్ల కాగితం మీద అర్జీ, అగ్రిమెంట్ కాపీ, ఆయన లెక్క, మీ లెటర్, ఫొటోల ప్రింట్లు చాలు. కోర్టు ఫీజు ఉండదు. ఆయనకు నోటీసు వెళ్తుంది, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆయన రాకపోతే మాత్రం బలవంతంగా రప్పించలేరు. అప్పుడు డబ్బు వసూలు దావా వేయాల్సిందే. దానికి మూడేళ్ల గడువుంది, అయినా ఆలస్యం చేస్తే సాక్షులు, ఫొటోలు చెదిరిపోతాయి. పోలీసు స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు, ఇది సివిల్ తగాదా అని పంపేస్తారు.

---

పటమట_ఇంటి_ఓనర్:

ఒక్కటి కలుపుతాను. తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్ సర్వీసు నంబరు కనబడేలా ఫొటో తీసి, ఆ రీడింగ్ వరకు బిల్లు కట్టేయండి. ట్రూ అప్ ఛార్జీలు (వాడిన కరెంటుకు తర్వాత కలిపే సర్దుబాటు సొమ్ము) మీరు వాడిన నెలలవే తర్వాతి బిల్లుల్లో రావచ్చు. దాని పేరు చెప్పి అడ్వాన్సంతా ఆపకుండా, "ట్రూ అప్ కోసం 1,000 ఉంచి మిగతాది ఇవ్వండి, బిల్లులు చూపించి లెక్క తేల్చుకుందాం" అని లెటర్‌లో మీరే ముందు రాయండి.